వీపు మీద రేడియో

ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు కదలబోతోంది. మెట్టు మీద ఉస్మాన్ సాబు నిలబడి ఉన్నాడు. ఆయన భుజాన ఉన్న విల్లు సగం లోపల, సగం బయట.

"రేడియో కొనేదానికి పోతాండానంటివి గదా సాబూ, మరి విల్లెందుకప్పా? రేడియోను ఏటాడి పట్టుకొస్తావా?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది.

"పని ఉండాది లే. నువ్వు టికెట్టు కొట్టు" అని ఉస్మాన్ సాబు విల్లును నిలువుగా లోపలికి లాగినాడు. ఇద్దరు పెద్దమనుషుల తలలకు తగిలించి, వాళ్ల తిట్లు తిని, వెనక సీట్లో కూలబడినాడు.

అది వేటాడే విల్లు కాదు, దూదేకే విల్లు. మనిషెత్తు కొయ్య, దానికి బిగించిన నరం తంతి. తంతిని దూది కుప్పలో ఆనించి కొయ్యగూటంతో కొడితే టంయ్‌మని మోగుతుంది. ఉండలు కట్టిన దూది పొరలు పొరలుగా విచ్చుకొని పైకి లేస్తుంది. ఊరూరూ తిరగడం, అడిగినవాళ్ల వాకిట్లోనే కూర్చొని పాత పరుపుల దూది ఏకడం, కొత్తగా కుట్టిచ్చి రావడం, ఇదీ ఉస్మాన్ సాబు బతుకు. పన్నెండేళ్లప్పుడు తండ్రి చేతినుంచి అందుకున్న విల్లు. ఇప్పుడాయనకు నలభై రెండు. ఈ ముప్పయ్యేళ్లలో ఆయన కుట్టిన పరుపు మీద పడుకొని నడుము నొప్పి అన్నవాళ్లు లేరు. పోయిన ఎండాకాలం దాకా.

పోయిన ఎండాకాలం కౌతాళంలో ఈరప్ప అనే రైతు కొడుకు పెళ్లని ఇంట్లోని ఆరు పరుపులూ విప్పించినాడు. దూదిని ఏకే ముందర ఎండలో ఆరబోయాలి. చెమ్మ ఉంటే తంతికి అతుక్కుంటుందే గానీ విచ్చుకోదు. ఉస్మాన్ సాబు వాకిట్లో దుప్పట్లు పరిచి, దూదంతా వాటి మీద పోసి, ఒక మూలనుంచి ఏక్కుంటూ వస్తున్నాడు. తల పైకెత్తే పని కాదది. తంతి మోతలో ఉరుము కూడా వినపడదు. పడమటి మబ్బు నెత్తి మీదికి వచ్చేదాకా ఎవరూ చూడలేదు. పావుగంట వాన. ఆరు పరుపుల దూది సంగటి ముద్దయింది. పెళ్లికొచ్చిన చుట్టాలు చాపల మీద పడుకున్నారు.

మళ్లీ ఆరబెట్టి ఏకిస్తానని ఉస్మాన్ సాబు ఎంత మొత్తుకున్నా ఈరప్ప వినలేదు. "నీ చెయ్యి పడితే మోడం పట్టి వానొస్తాది. నడువు నడువు" అని విల్లును వీధిలోకి గిరాటేసినాడు. ఆ వారంలోనే ఇంకో ఊర్లో ఇంకో వాకిట్లో నాలుగు చినుకులు పడినాయి. అంతే, 'వానల సాబు' అని పేరు స్థిరపడిపోయింది. చినుకు కోసం నోరు తెరుచుకొని చూసే సీమలో ఈ పేరు ఒక తమాషా. విత్తనం వేసే రోజుల్లో "మా చేని గట్టున కూసోని రెండు దెబ్బలు కొట్టి పో సాబూ" అని పిలిచేవాళ్లు. పరుపు మాత్రం ఎవరూ విప్పలేదు.

ఏడాది తిరిగేసరికి ఏడెనిమిది ఊర్లు చెయ్యి జారినాయి. బావమరిది మున్వర్ ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పని చేస్తాడు. వచ్చి మొహం మీదే చెప్పినాడు. "బావా, ఈ నెలాఖరు దాకా మిల్లులో నీకొక జాగా పట్టి పెడతా. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు. విల్లు అటకెక్కించి వచ్చెయ్." ఉస్మాన్ సాబుకు మిల్లు మీద కోపమేమీ లేదు. కానీ అక్కడ దూదిని యంత్రం ముట్టుకుంటుంది, మనిషి మూటలు మోస్తాడు. ఆయనకు మింగుడుపడనిది అదే. నెలాఖరులోగా కౌతాళం వైపు ఊర్లు మళ్లీ పిలవాలి. లేదంటే విల్లుకు అటకే గతి.

అందుకే ఈ రేడియో. రేడియోలో వాన సంగతి ముందే చెబుతారని ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల దగ్గర విన్నాడు. ఇంటామె ఖాతూన్ బీ మేకను అమ్మి దుడ్లు చేతిలో పెట్టింది. "పెట్టె తళతళ మెరుస్తాండాదని తేవద్దు. నీ మోతలో ఇనపడేది తే" అన్నది. ఆ మాట పట్టుకొనే విల్లుతో సహా బస్సెక్కినాడు.

ఆదోనిలో వెంకోబారావు రేడియో అంగడి చిన్నది. సగం అమ్మకం, సగం రిపేరు. బల్ల మీద కడుపులు విప్పిన రేడియోలు నాలుగైదు పడి ఉంటాయి. విల్లును చూసి వెంకోబారావు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"పరుపులేం లేవప్పా ఈడ."

"పరుపులకు రాలేదు స్వామీ. రేడియో కావల్ల."

వెంకోబారావు మొహం విప్పారింది. అగ్గిపెట్టెకు అన్నలాంటి పెట్టెనొకటి తీసి అరచేతిలో పెట్టినాడు. "ఇదిగో, జోబులో పడతాది. బరువే తెలీదు."

"పెద్దది?"

"పెద్దదంటే ఇది, కరెంటుది. మీ ఇంట్లో కరెంటుండాదా?"

"లేదు."

"అట్లయితే మధ్యలోది. మూడు సెల్లులు, రెండు బ్యాండ్లు, తోలు కవరు, భుజానికి పట్టీ. కాపురానికి తగిన బండి."

"రెండూ పాడించండి. మొదట చిన్నది."

వెంకోబారావు రేడియో చెవి, అంటే పక్కనుండే గుండ్రటి మర, మెలితిప్పగానే చిన్న పెట్టె కన్నడంలో పాట ఎత్తుకున్నది. ఉస్మాన్ సాబు తల ఊపి, నేల మీద బాసింపట్టు వేసుకొని, విల్లు దించి, సంచిలోనుంచి రెండు పిడికిళ్ల దూది తీసి ముందర వేసుకున్నాడు.

"ఏం చేస్తాండావు నువ్వు?"

"మీరు పాడిస్తా ఉండండి స్వామీ. రెండు దెబ్బలంతే."

టంయ్. టంయ్. టంయ్. అద్దాల బీరువా అదిరింది. జిల్లేడుకాయ పగిలినట్టు దూది లేచి అంగడంతా పరుచుకున్నది. బెంచీ మీద కూర్చున్న ముసలాయన వరసగా నాలుగు తుమ్ములు తుమ్మినాడు. వెంకోబారావు కడుపులు విప్పిన రేడియోల మీద పంచె కొంగు కప్పుతూ, "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! రేడియో కొంటాండావా, నా అంగడికి పరుపు కుడతాండావా?" అని అరిచినాడు.

"చిన్నది సచ్చిపోయింది స్వామీ. ఒక్క ముక్క ఇనపడలే. ఆ మధ్యదాన్ని పెట్టండి, ఒక్కటే దెబ్బ."

ఒకటే దెబ్బ అని ఆరు కొట్టినాడు. మధ్యది బెదరలేదు. తంతి మోతకూ మోతకూ నడుమ పాట తల పైకెత్తి పలికింది.

"ఇది నాకు ఎదురు మాట్లాడతాండాది. ఇదే ఇయ్యండి."

వెంకోబారావు మీసాల్లోని దూది దులుపుకున్నాడు. "ఇన్నేళ్లలో రంగు చూసి కొన్నోళ్లుండారు, ధర చూసి కొన్నోళ్లుండారు. కొట్లాట పెట్టి కొన్నది నువ్వొక్కడివే. పోస్టాఫీసులో లైసెన్సు రాయించుకో. ఇంగోటి, దీని లోపలికి దూది పోనియ్యద్దు. పోయిందంటే నా గడప తొక్కద్దు."

కొనడం ఒక పూట పని. మోయడం వారం రోజుల పనయింది.

ఉస్మాన్ సాబు నడకలో ఎడమ భుజాన విల్లు ఉంటుంది. నెత్తిన గూటం, సూదులు, దారం, గుడ్డల మూట. ఆ మూటను పట్టుకొని కుడి చెయ్యి. తోలు పట్టీని కుడి భుజాన వేస్తే చెయ్యెత్తినప్పుడల్లా జారి మోచేతి దగ్గర వేలాడుతుంది. మెడలో వేసుకుంటే ముందుకు వంగిన ప్రతిసారీ రేడియో దూదిలో మునిగి లేస్తుంది. మూటలో పెడితే నెత్తి మీద ఎవరో గొణుగుతున్నట్టుంటుంది. విసుగొచ్చి విల్లుకే కట్టినాడు. మూడో దెబ్బకు వెనక మూత ఊడి సెల్లులు మూడూ మూడు దిక్కులకు దొర్లినాయి.

ఖాతూన్ బీ ఇదంతా గడపలో కూర్చొని చూసింది. రెండో రోజుకు ఒక సంచి కుట్టి తెచ్చింది. రెండు వేళ్ల మందాన దూది పెట్టి, గళ్లు గళ్లుగా కుట్టిన సంచి. మిద్దె మీదినుంచి పడేసినా రేడియోకు దెబ్బ తగలదు. కానీ పెట్టి చూస్తే వార్తలు చదివే ఆయన రజాయి ముసుగేసుకొని చదువుతున్నట్టుంది.

"పరుపులోళ్ల ఇంట్లో ఇంగేం కుడతారు లే" అని ఉస్మాన్ సాబు నవ్వినాడు.

"నవ్వద్దు. విల్లు తీసుకొని కూసో. దూది లేకుండా ఉత్తదే ఏకు."

ఆయన ఏకుతున్నట్టు నటిస్తూ కూర్చున్నాడు. ఆమె చుట్టూ తిరిగి చూసింది, దర్జీ కొలత తీసినట్టు. చివరికి వెనక్కి వచ్చి నిలబడి అన్నది, "నీ ఒంట్లో పనిలేకుండా కూసున్నది వీపొక్కటే."

పాత చేతుల్లేని చొక్కా ఒకటి తీసి, వీపు వైపు రెండు భుజాల నడుమ, మెడకు జానెడు కిందుగా జేబు కుట్టింది. మాట వచ్చే వైపుకు దోమతెర గుడ్డ వేసింది. దోమే దూరని గుడ్డలో దూది దూరదని ఆమె లెక్క. పైన మడత, మడతకు బొత్తాం. తొడుక్కొని ఏకి చూస్తే రేడియో జారలేదు, ఊగలేదు, చెవి వెనకాలే నిలబడి మాట్లాడింది.

ఒకటే చిక్కు. చెవులు తిప్పడానికి తన చెయ్యి అందదు. దోవలో ఎవరు కనపడితే వాళ్లను అడగాలి. "అన్నా, కొంచెం వెనక తిప్పు." "యక్కా, వార్తలొస్తాయేమో సూడు." అట్లా ఆ వారంలో ఉస్మాన్ సాబు వీపును తిప్పని చెయ్యి లేదు. ఒక ఊర్లో నలుగురు ఆడవాళ్లు పాట అయ్యేదాకా వెనకాలే ఊరి చివర దాకా నడిచి, అయిపోగానే గిర్రున తిరిగి ఇంటికి పోయినారు. పరుపు సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

వాన సంగతి రేడియో చెప్పింది, నిజమే. రాయలసీమలో అక్కడక్కడ జల్లులు పడవచ్చునట. ఉస్మాన్ సాబు దోవలో నిలబడిపోయినాడు. సీమంతటికీ కలిపి ఒక్క మాట. ఆయనకు కావాల్సింది ఒక్క వాకిలి సంగతి.

పైగా ఇంకో తలనొప్పి మొదలైంది. గూడూరు దోవలో ఒక మధ్యాహ్నం పాట నడుమ చిటపటమని మోత. బాణలిలో ఆవాలు వేసినట్టు. ఎండ కాల్చేస్తోంది, గాలి కూడా లేదు. దూది పోయిందిరా దేవుడా అనుకొని వేపచెట్టు కింద కూర్చొని, మూత విప్పి, నోటితో ఊది, కోడి ఈకతో తుడిచినాడు. తుడిచినా పోలేదు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు దారిలో వాన పట్టుకొని నిలువునా తడిపింది. నాలుగు రోజులకు మళ్లీ అదే మోత. ఈసారి పని మానుకొని ఆదోని పోయినాడు. వెంకోబారావు గొణుగుతూనే విప్పి, భూతద్దం పెట్టి చూసినాడు.

"ఒక్క పోగు లేదప్పా లోపల. మీ ఇంటామె గుడ్డ బాగా కుట్టింది. పో."

తిరుగు బస్సులో వానకు టాపు కారి మళ్లీ తడిసినాడు. తల తుడుచుకున్నాడే గానీ ఆ చిటపటనూ ఈ వాననూ ఒకచోట పెట్టి చూసుకోలేదు. దూదిలో పుట్టి దూదిలో పెరిగినోడికి ఏది చెడినా దూది వల్లే చెడినట్టు తోస్తుంది.

నెలాఖరు ఇంక నాలుగు రోజులుందనగా గుండె రాయి చేసుకొని కౌతాళం పోయినాడు. అరుగు మీద ఈరప్ప.

"వచ్చినాడప్పా వానల సాబు! వాకిట్లో ఎద్దుల్ని లోపల కట్టెయ్యండి!"

లోపలినుంచి ఈరప్ప తల్లి మారెమ్మ గొంతు. "ఎవడ్రా వచ్చింది?"

"ఎవరూ కాదు లే మా, ఆ పరుపుల సాబు."

"పోనియ్యద్దు వాణ్ణి! ఏడాదిగా వాడు చేసిన ముద్దల మీద పండుకుంటాండా. వీపు కింద బెల్లం అచ్చులు పరుసుకున్నట్టుండాది. చెడగొట్టినోడే బాగు చెయ్యల్ల." ముసలామె కర్ర పొడుచుకుంటూ గడపలోకి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, కొడుకు మాటకు ఆమె ఇంట్లో విలువ తక్కువ.

"మళ్లీ తడుపుతాడు మా, నా మాటిను."

"తడిపితే విల్లు ఈడ ఇడిసి పెట్టి పోతాడు. పొయ్యిలోకి పనికొస్తాది. ఏం సాబూ, సరేనా?"

ఉస్మాన్ సాబు విల్లు వైపు చూసినాడు. ఎట్లా చూసినా అటకో పొయ్యో. "సరే అవ్వా" అన్నాడు.

మరుసటి పొద్దున ఆమె పరుపు విప్పి వాకిట్లో ఆరబోసినాడు. ఎండ బాగుంది. మధ్యాహ్నానికి దూది చెమ్మ లేకుండా ఆరింది. ఏకడం మొదలుపెట్టగానే మారెమ్మ పీట తెచ్చుకొని ఆయన వెనకాల చేరింది. చెవులు తిప్పే పెత్తనం చేతికొచ్చేసరికి ముసలామెకు పట్టపగ్గాలు లేవు. వార్తలు వద్దు, ఇంకో పాట. ఈ పాట వద్దు, ఇంకోటి.

పాట మధ్యలో చిటపట.

"దీని నోట్లో ఏందో పడిందిరా" అని మారెమ్మ ఉఫ్‌మని ఊదింది. మళ్లీ చిటపట. ఇంకోసారి ఊదింది.

ఉస్మాన్ సాబు గూటం ఆపినాడు. ముప్పయ్యేళ్లుగా మోత వినే చెవి ఆయనది. తంతి వదులైతే ప్రతి దెబ్బకూ ఒకే తీరుగా బొంగురుపోతుంది. లోపల దూది ఇరుక్కొని ఉంటే ఇదీ ఒకే తీరుగా కరకరలాడాలి. ఇది అట్లా లేదు. ఒకసారి పటపటమంటుంది, ఊరుకుంటుంది, మళ్లీ అంటుంది. రాను రాను గట్టిపడుతోంది కూడా. గూడూరు దోవ గుర్తొచ్చింది. ఆదోని బస్సు గుర్తొచ్చింది. రెండుసార్లు ఇదే మోత, రెండుసార్లూ ఒళ్లు తడిసింది. యాడనో దూరంగా మెరుస్తాంటే ఈడ దీనికి తెలుస్తాండాది.

దూది కాదు. ఇది దూది కాదు.

"అవ్వా, దూది లోపలికి ఎత్తేద్దాం."

అరుగు మీద ఈరప్ప లేచి కూర్చున్నాడు. "ఏం, ఎందుకు? మోడం యాడుండాది? ఆకాశం నున్నగా గుండు కొట్టించుకున్నట్టుంటే! రేడియోలో వానని చెప్పినారా?"

"చెప్పలేదు. పాట పాడతాండారు."

"మరింగేం?"

"ఆ పాటలో ఉరుముతాండాది ఈరప్పన్నా."

ఈరప్పకు ఆగలేదు. "తిక్కయ్యా! ఓ తిక్కయ్యా! రాప్పా ఇట్ల. సాబుకు పాటలో ఉరుములు ఇనపడతాండాయంట!" ఎదురింటి తిక్కయ్య తువ్వాలు దులుపుకుంటూ వచ్చి, కడుపు పట్టుకొని నవ్వినాడు.

ఎత్తించినాక వాన రాకపోతే ఊరంతా నవ్వి గెంటేస్తారు. ఎత్తకుండా వస్తే విల్లు పొయ్యిలోకి. ఉస్మాన్ సాబు ఆ రెండూ ఆలోచించుకున్నాడు. ఆలోచించుకొని దుప్పటి నాలుగు కొసలూ పట్టుకున్నాడు.

"ఆగు" అన్నది మారెమ్మ. వంగి, ఆయన వీపుకు చెవి ఆనించింది. "ఈ చెవి చెవుడు నాకు. ఆ చెవి పెట్టనీ." అటు తిరిగి మళ్లీ ఆనించింది. తిక్కయ్య కూడా నవ్వడం ఆపి చూసినాడు. దోమతెర గుడ్డకు చెంప అదిమి ముసలామె చాలాసేపు విన్నది.

"ఎత్తండ్రా" అన్నది. "వీడి మాట తప్పయితే రేపు మళ్లీ ఆరబోస్తాడు. రేపు ఎండ యాడికీ పోదు."

కోడలు, పనిమనిషి, చివరికి నవ్విన తిక్కయ్య కూడా తలా ఒక కొస పట్టినారు. దూది వసారాలోకి చేరింది.

తర్వాత ఏమీ జరగలేదు. టీ తాగినారు. ఎండ అట్లాగే ఉంది. తిక్కయ్య ఆవులించినాడు. ఈరప్ప విల్లును ఎత్తుకుపోయి పొయ్యి పక్కన ఆనించి వచ్చి, "సలికాలానికి దాసి పెడదాం మా" అన్నాడు. ఉస్మాన్ సాబు ఆకాశం వైపు చూడలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు. వీపు మీద పాట మునిగిపోయింది, ఉత్త చిటపటే మిగిలింది.

మొదట కోళ్లు గంప దగ్గరికి చేరినాయి. తర్వాత పడమటినుంచి ఎర్రమన్ను లేచింది. ఎండ ఎవరో ఊదేసినట్టు ఆరిపోయింది. రూపాయి బిళ్లంత చినుకొకటి వాకిట్లో, ఇందాక దూది పరిచిన చోటనే, టప్‌మని పడింది. దాని వెనకే వానంతా వచ్చింది.

"నా మిరపకాయలు!" అని ఈరప్ప కేక వేసినాడు. మిద్దె మీద రెండు బస్తాల ఎండుమిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పంచె ఎగగట్టి నిచ్చెనెక్కినాడు. రేడియో చొక్కాను వసారాలో విప్పి పెట్టి, వెనకాలే ఉస్మాన్ సాబూ ఎక్కినాడు. ఇద్దరూ తడిసిపోయి, తుమ్ముతూ, గంపలతో తోడి తోడి కిందికి దించినారు. సగం దక్కినాయి.

"పాట ఇనకపోతివి రా" అన్నది మారెమ్మ వసారాలోనుంచి, పొడి దూది కుప్ప మీద చెయ్యి పెట్టుకొని.

ఈరప్ప తప్పయిందని అనలేదు. అనే రకం కాదు. తల తుడుచుకొని వంటింట్లోకి పోయి, విల్లు తెచ్చి, తంతి తడిసిందేమోనని వేలితో మీటి చూసి, ఉస్మాన్ సాబు చేతికిచ్చినాడు. "లోపల ఇంగో అయిదు పరుపులుండాయి. అవీ ముద్దలే" అన్నాడు.

"మాయి మూడు" అన్నాడు తిక్కయ్య వెంటనే. "వీళ్లవి అయిపోయినంక యాడికీ పోవాకు."

మరుసటి పొద్దున వాన కడిగిన ఎండ కాసింది. ఆదోని మార్కెట్టుకు బండి కడుతున్న తిక్కయ్యను ఉస్మాన్ సాబు ఆపినాడు. "అన్నా, మిల్లు కాడ మా బావమరిది మున్వర్ కనపడితే ఒక మాట చెప్పు. ఆ జాగా ఇంకెవరికన్నా ఇచ్చెయ్యమను."

"అంతేనా?"

"అంతే. పోయిరా."

కూర్చొని తంతి ఆనించినాడు. టంయ్. ముసలామె పరుపులోని నల్లటి ఉండ ఒకటి విచ్చుకొని తెల్లగా లేచింది. టంయ్. ఇంకొకటి. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి నిన్న ఒక్క దుప్పటిలో ఒదిగిన దూది మోకాళ్లెత్తు లేచి, దుప్పట్లు దాటి, అరుగెక్కి, గడప దాకా వచ్చింది. ఇంకా సగం ఏకాల్సి ఉంది.

"ఇంగో రెండు దుప్పట్లు కావల్ల ఈరప్పన్నా" అన్నాడు ఉస్మాన్ సాబు చెయ్యి ఆపకుండానే.

"ఇంట్లో ఉన్నవన్నీ పరిచినాం కదప్పా!"

"అయితే పక్కింట్లో అడుగు. ఇది ఇంకా పెరుగుతాది."

ఈరప్ప దూది తొక్కకుండా గోడవారగా నడిచి, దుప్పట్లు అడుక్కురావడానికి వీధిలోకి పోయినాడు.